ట్రాక్ కోసం ఎం2: ఏవి మార్చాలి, ఏవి ముట్టుకోకూడదు, వారంటీ సంగతేంటి

తమ్ముడూ, మిగతావాళ్లకీ అర్థమయ్యేలా మీరు అడిగింది ముందు ఒకసారి చెప్తాను. మీది భీమవరం, రొయ్యల వ్యాపారం. ఈమధ్యే బీఎమ్‌డబ్ల్యూ ఎం2 తీసుకున్నారు, మాన్యువల్ గేర్లు, ఫర్మ్ పేరు మీద రిజిస్ట్రేషన్. ఇప్పటికి 4,000 కిలోమీటర్లు తిరిగింది. ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లాలని ఆశ. ఒక ట్యూనింగ్ షాపు వాళ్లు స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), డౌన్‌పైప్ (టర్బో తర్వాత వచ్చే పొగ గొట్టం), లోయరింగ్ స్ప్రింగ్స్ (కారు ఎత్తు తగ్గించేవి) కలిపి కొటేషన్ ఇచ్చారు. "సర్వీస్‌కి వెళ్లేముందు స్టాక్ ఫైల్ వేసేస్తాం, వారంటీకి ఏం కాదు" అన్నారు. స్టాక్ అంటే కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు, ఇక్కడ అసలు సాఫ్ట్‌వేర్ అని. మీ నాన్నగారేమో వారంటీ పోతుందని ఒప్పుకోవట్లేదు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నాన్నగారి మాట వినండి. కొటేషన్‌లో ఉన్న మూడూ వద్దు. అలాగని కారుని షోరూమ్ నుంచి వచ్చింది వచ్చినట్టు ట్రాక్ మీదకి దించమని కూడా చెప్పను. ఆ డబ్బులో చిన్న భాగం బ్రేక్ ఫ్లూయిడ్, ప్యాడ్లు, అలైన్‌మెంట్, టైర్ల మీద పెట్టండి. ట్రాక్ మీద కారు అలసిపోయేది అక్కడే. 480 హార్స్‌పవర్ ఉన్న కారుకి పవర్ చాలకపోవడం అనే సమస్య మొదటి రెండేళ్లలో మీకు రాదు.

నేను చాలా ఏళ్లు ఖరీదైన కార్ల సర్వీస్ సెంటర్లో వారంటీ క్లెయిములు చూశాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో సొంత గ్యారేజీ. ట్రాక్‌కి వెళ్లే కుర్రాళ్ల కార్లు సిద్ధం చేసి పంపుతుంటాను, వాళ్లతో నేనూ వెళ్తుంటాను. కౌంటర్‌కి రెండు వైపులా నిలబడినవాడిగా చెప్తున్నాను.

వారంటీ ఉందా పోయిందా అని అందరూ అడుగుతారు, కానీ అది కారు మొత్తానికి ఒకేసారి పోయేది కాదు. ఏ పార్ట్ పాడైంది, ఎందుకు పాడైంది, మీరు మార్చినదానికీ దానికీ సంబంధం ఉందా అన్నదే అక్కడ నడిచే లెక్క. మీరు ప్యాడ్లు మార్చారని ఏసీ కంప్రెసర్ క్లెయిమ్ ఆపరు. అదే మీరు రీమ్యాప్ చేయించి ఉంటే టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, వీటిలో ఏది పోయినా వేలు దానివైపే చూపిస్తారు. పవర్‌ట్రెయిన్ అంతా ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటుంది కాబట్టి వాళ్ల మాటని కాదనడం మీకు కష్టమవుతుంది. అమెరికాలో ఆఫ్టర్‌మార్కెట్ (బయటి కంపెనీ) పార్ట్ వేశారన్న ఒక్క కారణంతో వారంటీ కొట్టేయకుండా 1975 నాటి ప్రత్యేక చట్టం ఉంది. అక్కడివాళ్ల వీడియోలు చూసి ఇక్కడ ధైర్యం తెచ్చుకోవద్దు. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మన దగ్గర ఉన్నది వినియోగదారుల రక్షణ చట్టం, దాని సంగతి కింద చెప్తాను.

ఇంకోటి, నిర్ణయం తీసుకునేది మీతో నవ్వుతూ మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ కాదు. డీలర్ రిపేరు చేసి, ఫొటోలు, ఫాల్ట్ కోడ్ల ప్రింటౌట్, జాబ్ కార్డ్ జతచేసి కంపెనీకి పంపిస్తాడు. ఖర్చు పెద్దదైతే పని మొదలుపెట్టకముందే అప్రూవల్ తెచ్చుకోవాలి. తీసేసిన పార్ట్ చాలాసార్లు కంపెనీకే వెళ్తుంది. తర్వాత ఆడిట్‌లో తప్పు దొరికితే ఆ డబ్బు డీలర్ దగ్గరే వెనక్కి కోసుకుంటారు. అందుకే అడ్వైజర్ "ఏం పర్లేదు సార్" అన్న మాటకి విలువ లేదు. అది ఈమెయిల్‌లో రాసి ఇస్తే విలువ ఉంది.

ఇప్పుడు స్టాక్ ఫైల్ వేసేస్తాం అన్న మాట. ఈ తరం బీఎమ్‌డబ్ల్యూల ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, తాళం వేసి ఉంటుంది, దాన్ని తెరవకుండా రీమ్యాప్ ఎక్కదు. తెరిచాక పాత ఫైల్ మళ్లీ వేసినా, ఈసీయూని ఎన్నిసార్లు రాశారో లెక్క లోపల మిగిలి ఉండొచ్చు. ఈ చాసిస్ నంబర్‌కి ఏ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు ఎక్కించారో కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. ఆ రెండూ కలవకపోతే అక్కడితో కథ అయిపోతుంది. ఇంజిన్‌లో పెద్ద ఫాల్ట్ వచ్చిన కారుని ఎవరూ ఊరికే కోడ్ చదివి వదలరు, అంతా తవ్వుతారు.

రీమ్యాప్ కాకుండా పిగ్గీబ్యాక్ బాక్స్ (సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య తగిలించి లెక్క మార్చే పెట్టె) పెట్టుకుంటే గుర్తు ఉండదని కూడా కొందరు చెప్తారు. నేను పనిచేసేటప్పుడు ఒక కారు వచ్చింది, టర్బో పోయింది. బాక్స్ తీసేసి, ఇంజిన్ బే తుడిచి మరీ తెచ్చారు. బూస్ట్ సెన్సర్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని కొలిచేది) కనెక్టర్ క్లిప్ అంచు మీద స్క్రూడ్రైవర్ గీత ఉంది, పక్కన వైరు మీద టేపు జిగురు మరక ఉంది. అంతవరకే అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. ప్రింటౌట్ చూస్తే సెన్సర్ చూపించిన బూస్ట్‌కి ఎంత పెట్రోల్ కావాలో, ఇంజెక్టర్లు అంతకంటే చాలా ఎక్కువ పోశాయి. బాక్స్ సెన్సర్‌ని మోసం చేస్తుంది, కానీ ఇంజిన్ లోపలికి నిజంగా వెళ్లిన గాలి లెక్క మిగతా సెన్సర్లలో దొరుకుతుంది. ఆ క్లెయిమ్ నిలబడలేదు. ఆ ఓనరు మంచి మనిషి, ఎవరో చెప్పింది నమ్మాడు. ఆయన చేతి నుంచి పోయిన డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన ఎండకి, మన పెట్రోల్‌కి రీమ్యాప్ ఇంకా తొందరగా దెబ్బ కొడుతుంది. కంపెనీ ట్యూనింగ్‌లో కొంత మార్జిన్ వదిలి ఉంటుంది. పెట్రోల్ ఆక్టేన్ (ముందే మండిపోకుండా ఓర్చుకునే గుణం) తక్కువైతే, గాలి వేడెక్కితే, అదుపు తప్పిన మంటని నాక్ సెన్సర్ పసిగడుతుంది, ఈసీయూ ఇగ్నిషన్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది, పవర్ కాస్త తగ్గుతుంది, ఇంజిన్ బతుకుతుంది. రీమ్యాప్ తినేసేది ఆ మార్జిన్‌నే. ఎక్స్‌పీ100, పవర్99 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లో దొరుకుతుంది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు రోజూ పోయించుకునే సంగతి కాదది. స్టాక్ మ్యాప్ మీద ఉంటే ఏ బంకులో పోయించినా కారు సర్దుకుంటుంది.

డౌన్‌పైప్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దాంతోపాటు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే బీఎస్6 నిబంధనలకి విరుద్ధం, పొల్యూషన్ చెక్‌లోనూ పట్టుబడొచ్చు, తెచ్చి పెట్టేది శబ్దం, వాసన. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. లోయరింగ్ స్ప్రింగ్స్ అయితే మన రోడ్ల మీద ఆలోచన కూడా వద్దు. ఉండి నుంచి ఆకివీడు దాకా ఒకసారి నడిపి చూడండి. నల్లరేగడి కుంగి రోడ్డు అలలు అలలుగా ఉంటుంది, చెరువుల ట్రాక్టర్లు అంచులు తినేస్తాయి. స్టాక్ ఎత్తులోనే ముందు బంపర్ కింద గీతలు పడతాయి. ఎత్తు తగ్గిస్తే డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) అడుగంటి, చివర్లో ఆపే రబ్బరు ముక్కలైన బంప్ స్టాప్‌ల మీద కూర్చుంటుంది. ట్రాక్ మీద అది గ్రిప్‌ని పెంచదు, తగ్గిస్తుంది.

అసలు విషయానికి వస్తాను. బ్రేకులు.

మీ కారు మీతో కలిపి దాదాపు 1,780 కిలోలు అనుకోండి. 200 కిలోమీటర్ల వేగం నుంచి 100కి తెచ్చారంటే వదిలించుకోవాల్సిన శక్తి 20 లక్షల జౌళ్లు. గాలి కొంత తీసుకుంటుంది, మిగతాదంతా డిస్కుల్లోకి వేడిగా దిగుతుంది. మామూలు చల్లటి నీళ్లు ఏడు లీటర్లని మరిగే దాకా తెచ్చే వేడి అది, మూడు నాలుగు సెకన్లలో. మీరు వెళ్లాలనుకునే ఇరుంగట్టుకోట్టై ట్రాక్, అంటే మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, పొడవు 3.7 కిలోమీటర్ల పైచిలుకు, 12 మలుపులు. మళ్లీ మళ్లీ అదే పని, మధ్యలో చల్లారే సమయం చాలా తక్కువ. ఎప్పుడైనా గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్తే అక్కడ కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది, బ్రేకులకి ఇంకా కష్టం.

మీ ఎం2కి ముందు ఆరు పిస్టన్ల కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కేది), 380 మిల్లీమీటర్ల డిస్క్ వస్తాయి. అంటే బ్రేక్ కిట్ మార్చాల్సిన పనే లేదు, ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. లోపం ఇనుములో లేదు, ఫ్లూయిడ్‌లో, ప్యాడ్‌లో ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ గ్రేడైన డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు పీల్చుకున్నాక అది 155 డిగ్రీలకి పడిపోవచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని లాగుతూనే ఉంటుంది. మనది సముద్రానికి, కాలువలకి, చెరువులకి మధ్య ఉన్న నేల. ఇక్కడ గాలి ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది. అందుకని పుస్తకంలో రెండేళ్లకి మార్చమన్నా మీరు ట్రాక్ సీజన్‌కి ముందు ప్రతి ఏడూ మార్చండి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఇది డాట్ 4 రకానిదే, మీ సిస్టమ్‌లో పాత ఫ్లూయిడ్‌తో పడుతుంది. కంపెనీ పల్చటి డాట్ 4 చెప్పడానికి కారణం గడ్డకట్టే చలిలో ఏబీఎస్ వాల్వులు చురుగ్గా పనిచేయాలని. మన దగ్గర ఆ చలి లేదు కాబట్టి కాస్త చిక్కగా ఉన్న రేసింగ్ ఫ్లూయిడ్‌తో తేడా తెలియదు.

ఫ్లూయిడ్ మరిగితే ఏమవుతుందో ముందే తెలిసి ఉండాలి. మొదట పెడల్ ప్రయాణం కొంచెం పెరుగుతుంది. మీ కాలు ఒక వేలు మందం ఎక్కువ దిగుతుంది. కారు ఆగుతూనే ఉంటుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. ఆ తర్వాతి ల్యాపులో పెడల్ మెత్తగా స్పాంజిలా దిగిపోతుంది, ఎంత తొక్కినా కరవదు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ప్యాడ్ ఫేడ్, ఫ్లూయిడ్ కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఏది మార్చాలో దాన్నిబట్టే తెలుస్తుంది. రెండిటిలో ఏ సూచన వచ్చినా ఆ ల్యాపులోనే మెల్లగా లోపలికి వచ్చేయండి, ఇంకో ల్యాపు వద్దు.

ప్యాడ్ల విషయంలో ఒక సంగతి మన ప్రాంతం వాళ్లే ఆలోచించాలి. చెన్నైలో ఉండేవాడు ట్రాక్ ప్యాడ్లు వేసుకుని అరగంటలో ఇంటికి పోతాడు. మీరు తాడేపల్లిగూడెం మీదుగా ఎన్‌హెచ్ 16 ఎక్కి ఐదు వందల కిలోమీటర్ల పైగా వెళ్లాలి, అదే కారులో తిరిగి రావాలి. పూర్తి రేసింగ్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టదు. హైవే మీద గంటసేపు బ్రేకు తొక్కకుండా వచ్చి, నెల్లూరు దాటాక గేదె అడ్డం వస్తే ఆ మొదటి తొక్కుడుకి అది స్పందించదు. కాబట్టి రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యస్థంగా ఉండే కాంపౌండ్ (ప్యాడ్ మిశ్రమం) తీసుకోండి, లేదంటే ట్రాక్ ప్యాడ్లు డిక్కీలో పెట్టుకెళ్లి అక్కడ మార్చుకోండి. ఆ కాలిపర్లలో ముందు ప్యాడ్లు మార్చడం చెయ్యి అలవాటైతే గంట లోపు పని. కొత్తవి వేశాక బెడ్డింగ్ (ప్యాడ్లని మెల్లమెల్లగా వేడెక్కించి డిస్కుకి అలవాటు చేయడం) చేయకుండా ట్రాక్‌లోకి వెళ్లొద్దు. వచ్చాక వీల్స్ వెంటనే కడగండి. ట్రాక్ ప్యాడ్ల పొడిలో ఇనుము ఉంటుంది, మన ఉప్పుగాలికి రెండు రాత్రుల్లోనే తుప్పు చుక్కలుగా పట్టేస్తుంది. రొయ్యల లారీలు కార్చే నీళ్ల మీద రోజూ తిరిగే కారుకి అండర్‌బాడీ కడగడం కూడా మానొద్దు.

ట్రాక్ సెషన్ చివరి ల్యాపు బ్రేకు తొక్కకుండా, నాలుగో గేరులో నెమ్మదిగా పూర్తి చేయండి. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకి) వచ్చాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. మీ కారులో ఆటో హోల్డ్ ఆన్ చేసి ఉంటే ఇంజిన్ ఆపగానే పార్కింగ్ బ్రేక్ తనంతట తనే పడుతుంది, అందుకని ఉదయాన్నే ఆటో హోల్డ్ ఆపేయండి. కాగుతున్న డిస్కుని ప్యాడ్ ఒకే చోట పట్టుకుని ఉంటే అక్కడ పొర అంటుకుంటుంది, తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా కారు వణుకుతుంది. చక్రానికి అడ్డంగా ఒక చెక్క పెట్టి, గేరులో వదిలేయండి. ఆ వణుకుని వారంటీలో చేయమని అడిగేవాళ్లని నేను చాలామందిని చూశాను. డిస్కులు, ప్యాడ్లు అరిగే వస్తువులు, వాటి మీద క్లెయిమ్ దాదాపు ఎప్పుడూ పాస్ కాదు.

టైర్ల గురించి. కంపెనీ టైర్లు చాలా బాగుంటాయి, మొదటి సీజన్‌కి అవే చాలు. ఉదయం చల్లగా 32 పీఎస్ఐ పెట్టింది కొన్ని ల్యాపుల్లోనే 38, 40కి ఎక్కుతుంది. పిట్‌లోకి రాగానే వేడి మీదే కొలిచి తగ్గించుకోండి. చాలామంది చేసే పొరపాటు సాయంత్రం జరుగుతుంది. అలా తగ్గించిన టైర్లతోనే హైవే ఎక్కేస్తారు. రాత్రికి టైరు చల్లారితే 25, 26 మిగులుతుంది, ఆ గాలితో వందల కిలోమీటర్లు నడపడం ప్రమాదం. డోర్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంత మళ్లీ కొట్టించాకే బయల్దేరండి. వీల్ బోల్టులు 140 న్యూటన్ మీటర్ల టార్క్‌కి ఉన్నాయో లేదో టార్క్ రెంచ్‌తో బయల్దేరేముందు, ట్రాక్ అయ్యాక చల్లారాక చూడండి. ముందు టైర్ల బయటి భుజం ముందుగా అరుగుతుంది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందు క్యాంబర్‌ని (చక్రం వాలుని) కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే నెగటివ్ వైపు, అంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా, చివరకి పెట్టించి, ప్రింటౌట్ ఫైల్లో పెట్టుకోండి. హద్దుల్లో ఉన్నంతకాలం వారంటీ వాళ్లు దాన్ని ప్రశ్నించలేరు.

సీట్లు, నాలుగు పట్టీల హార్నెస్, రోల్ కేజ్ ఏవీ వద్దు. సీటు మారిస్తే సైడ్ ఎయిర్‌బ్యాగ్ పోతుంది. స్టాక్ సీటుకి హార్నెస్ ఒక్కటే కడితే మెడకి ప్రమాదం. మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనండి, టో హుక్ (ఆగిపోయిన కారుని లాగడానికి తగిలించే కొక్కెం) డిక్కీలో ఉందో లేదో చూసుకోండి, అంతే.

2,000 కిలోమీటర్ల రన్నింగ్ ఇన్ సర్వీస్ (కొత్త కారు సర్దుకున్నాక చేసే మొదటి సర్వీస్) చేయించారా? మీరు రాయలేదు. ఎం కార్లకి అది తప్పనిసరి, అందులో ఇంజిన్ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మారుస్తారు. అది రికార్డులో లేకుండా ట్రాక్‌కి వెళ్తే రేపు డిఫరెన్షియల్ శబ్దం వచ్చినప్పుడు మీ దగ్గర మాట్లాడటానికి ఏమీ ఉండదు. మీ ఓనర్స్ మాన్యువల్లోనే రేస్ ట్రాక్ మీద నడపడం గురించి విడిగా రాసి ఉంటుంది. ట్రాక్ మీద ఎక్కువయ్యే అరుగుదల వారంటీలోకి రాదనీ, ఈ కారు పోటీల కోసం తయారుచేసింది కాదనీ చెప్తుంది. ఆ పేజీలు ఒకసారి నాన్నగారితో కలిసి చదవండి. అరుగుదల వేరు, తయారీ లోపం వేరు, మనకి పనికొచ్చే తేడా అదే. ట్రాక్‌కి వెళ్లినంత మాత్రాన తయారీ లోపం మీద మీ హక్కు ఎక్కడికీ పోదు. కానీ పోటీలో పాల్గొన్నారని తేలితే మాత్రం చాలా కష్టం. టైమింగ్, ర్యాంకులు, కప్పులు ఉన్న ఈవెంట్‌కి ఈ కారు తీసుకెళ్లకండి, ట్రాక్ డే (పోటీ లేకుండా సొంత కారు నడుపుకునే రోజు) అని రాసి ఉన్నదానికే వెళ్లండి, ఆ రసీదు దాచుకోండి.

మాన్యువల్ గేర్ల కారు కాబట్టి ఒక జాగ్రత్త ఎక్కువ చెప్తాను. నాలుగులోకి వేయాలనుకుని రెండులోకి దించితే క్లచ్ వదిలిన క్షణంలో ఇంజిన్ పరిమితి దాటి తిరిగిపోతుంది. యాక్సిలరేటర్‌తో ఆర్‌పీఎం పెరిగేటప్పుడు లిమిటర్ ఆపుతుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పేటప్పుడు ఏదీ ఆపలేదు. అది ఎంత ఆర్‌పీఎంకి వెళ్లిందో ఈసీయూలో నమోదవుతుంది. తర్వాత వాల్వు వంగితే ఆ ఒక్క అంకె చూపించి క్లెయిమ్ తిప్పి పంపుతారు, అది న్యాయమే కూడా. చెయ్యి కంగారు పడకుండా మొదటి రోజంతా గేర్లు తక్కువ మార్చుతూ, మూడు నాలుగుల్లోనే నడపండి.

నాన్నగారు భయపడాల్సింది వారంటీ కంటే ముందు ఇన్సూరెన్స్ గురించి. పాలసీ షెడ్యూల్లో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక పేరా ఉంటుంది. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్, వీటికి వాడితే పాలసీ వర్తించదని అందులో స్పష్టంగా ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదని మీరు వాదించొచ్చు, కానీ గోడకి కొట్టిన కారుకి డబ్బు వస్తుందన్న నమ్మకంతో వెళ్లకండి. ఇంజిన్ పాడైతే ఖర్చు లక్షల్లో ఉంటుంది. గోడకి కొడితే కోటి దాటిన కారు మొత్తం మీ జేబులోంచి పోవచ్చు. ఈ ఒక్క మాట విని కూడా వెళ్లాలనిపిస్తే, ఆ నష్టం భరించే స్థితి మీకు ఉంటే, అప్పుడు వెళ్లండి. లేదంటే ట్రాక్ స్కూల్ వాళ్ల కారులో నేర్చుకోవడం మంచిది. చెన్నై, కోయంబత్తూరుల్లో అలాంటి ట్రైనింగ్ దొరుకుతుంది. మీ వయసులో డ్రైవింగ్ వేగంగా పెరిగేది కూడా అలాగే.

ఇక కాగితాలు. ప్యాడ్లు, ఫ్లూయిడ్ కొనేముందు సర్వీస్ సెంటర్‌కి ఈమెయిల్ పెట్టండి: ఫలానా ప్యాడ్, డాట్ 4 ప్రమాణానికి సరిపోయే ఫలానా ఫ్లూయిడ్ వాడాలనుకుంటున్నాను, దీనివల్ల వారంటీలో ఏ భాగానికి ఇబ్బంది, రాసి చెప్పండి అని. వాళ్లే మార్చడానికి ఒప్పుకుంటే జాబ్ కార్డ్ మీద రాయించండి. ఒప్పుకోకపోతే బిల్లు ఇచ్చే మంచి గ్యారేజీలో చేయించి బిల్లు దాచండి. స్టాక్ ప్యాడ్లు పారేయకండి. ఆయిల్ విషయంలో కంపెనీ గడువుకి ఆగకుండా మధ్యలో ఒకసారి, పుస్తకంలో ఉన్న గ్రేడే, అక్కడే మార్పించండి. ట్రాక్‌కి ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చెకప్ చేయించి రిపోర్టు తీసుకోండి. ట్రాక్‌కి వెళ్లానన్నది దాచొద్దు. ఈ కార్లు తమ సంగతులన్నీ తామే రాసుకుంటాయి. మీరు కాదన్నది లోపల దొరికితే, మీరు నిజం చెప్పిన మిగతా విషయాలు కూడా నమ్మరు.

ఎప్పుడైనా ఫాల్ట్ వస్తే ఇంజిన్ ఆపేసి మీటర్ మీద వచ్చిన మెసేజ్ ఫొటో తీయండి. చేతిలో స్కానర్ ఉన్న స్నేహితుడు కోడ్ క్లియర్ చేస్తానంటే వద్దనండి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఉన్న ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, వేగం నమోదై ఉంటాయి, మీ పక్షాన సాక్ష్యం అదే. కారుని ఫ్లాట్‌బెడ్ మీద పంపండి. జాబ్ కార్డ్ మీద ఫిర్యాదు మీ మాటల్లో రాయించి కాపీ తీసుకోండి. తిరస్కరిస్తే కారణం, టెస్ట్ రిపోర్టు రాతపూర్వకంగా ఇవ్వమనండి, పార్ట్‌ని పారేయకుండా ఉంచమని ఈమెయిల్ చేయండి. వినియోగదారుల కమిషన్ అవసరమైతే దాన్ని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించగలదు, కానీ పార్టే లేకపోతే పరీక్ష ఎక్కడిది. 50 లక్షలు దాటి 2 కోట్ల లోపు చెల్లించిన వస్తువు కాబట్టి మీ కేసు జిల్లా కమిషన్‌కి కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్తుంది. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. కారు ఫర్మ్ పేరు మీద ఉంది కనుక వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారే కాదు అని అవతలి లాయరు మొదటే అంటాడు. డైరెక్టర్ సొంత వాడకానికి కంపెనీ కొన్న కారుని వాణిజ్య అవసరం కింద లెక్కవేయలేమని 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. అయినా మీ వాడకం సొంతానికే అని చూపించే కాగితాలు ఉంచుకోవడం మంచిది.

రీమ్యాప్ వైపు ఇంకా మనసు లాగుతుంటే, వారంటీ అంతా పూర్తయ్యాక ఆలోచించండి. పొడిగించిన వారంటీ తీసుకునే ఉద్దేశం ఉంటే మొదటిది అయిపోకముందే తీసుకోవాలి, అప్పుడు కారుని పరిశీలించే అవకాశం ఉంది, అందుకే అప్పటిదాకా స్టాక్‌గానే ఉంచండి. ఆ తర్వాత పవర్ పెంచాలనుకుంటే ఇంజిన్, క్లచ్ ఖర్చు విడిగా పక్కన పెట్టుకున్నాకే చేయించండి.

వెళ్లే సమయం సంక్రాంతి దాటాక ఫిబ్రవరి లోపు చూసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో చెన్నైలో వానలు, ఇటు సార్వా కోతలై మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. మార్చి దాటితే ఎండకి ఆయిల్ వేడి తగ్గించుకోవడానికే సగం రోజు పోతుంది. ప్యాడ్లు ఆర్డర్ పెట్టేముందు చాసిస్ నంబర్ ప్రకారం కాలిపర్ పార్ట్ నంబర్ తీసుకుని, దాన్ని ప్యాడ్ కంపెనీ లిస్టుతో సరిచూడండి. ఏ కాంపౌండ్ అనుకుంటున్నారో ఇక్కడ రాస్తే అది మీ హైవే ప్రయాణానికి సరిపోతుందో లేదో చూసి చెప్తాను.